మద్రాసులో ఎక్కడ దిగాలి: అద్దె కన్నా ముందు వేయాల్సిన లెక్క

నెల్లూరులోగానీ ఒంగోలులోగానీ ఎవరైనా "మద్రాసు పోతున్నాం" అంటే వినేవాళ్లు అడిగేవి రెండే. ఏం పని మీద? ఎక్కడ దిగుతున్నారు? మొదటిదానికి జవాబు తరాలు గడిచినా పెద్దగా మారలేదు. ఆసుపత్రి, పెళ్లి బట్టలు, పిల్లల చదువు, విమానం. మారింది రెండోదానికి జవాబే. ఒకప్పుడు పెరంబూరులోనో కోడంబాక్కంలోనో ఉన్న పెదనాన్న ఇంట్లో దిగేవాళ్లు. బంధువులు లేనివాళ్లకు సెంట్రల్ స్టేషన్ ఎదురుగా రామస్వామి మొదలియార్ సత్రం ఉండేది. చేతిలో నాలుగు డబ్బులుంటే లాడ్జి. ఇప్పుడు ఏసీ, లిఫ్టు, వేడినీళ్లు, పొద్దున టిఫిన్ ఉండి, మూడు వేలకూ ఏడు వేలకూ మధ్య అద్దె పలికే హోటల్ గదిని మామూలు ఉద్యోగస్తుల కుటుంబం కూడా తీసుకుంటోంది.

ఆ గదిని ఎంచుకునేటప్పుడు చాలామంది చూసేవి మూడు: ఫోన్‌లో కనిపించే అద్దె, ఫొటోలు, చుక్కలు (స్టార్ రేటింగు). చేతి నుంచి నిజంగా పోయే డబ్బులో ఈ మూడింటి పాత్ర తక్కువ. ఊళ్లో ఏ గంటకు దిగుతున్నారు, పని ఉన్న చోటికి గది ఎంత దూరం, గదిలో దిగే మనిషి పరిస్థితి ఏమిటి అన్నవే అసలు ఖర్చునూ అసలు సుఖాన్నీ తేలుస్తాయి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది సరదాకు పోరు. ఒక పని పెట్టుకుని, టెన్షన్‌తో, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని పోతారు. వాళ్లకు ఈ లెక్క ఇంకా ముఖ్యం.

ముందు మాట దగ్గరే ఒక తికమక ఉంది. మన వైపు హోటల్ అంటే టిఫిన్, భోజనం దొరికే చోటు. పడుకునే చోటు లాడ్జి. ఊరి మనిషికి "హోటల్లో దిగాం" అన్న మాట ఇప్పటికీ కొంచెం డాబుగానే వినిపిస్తుంది. అందుకే మధ్యరకం హోటల్‌ను చాలామంది అవసరంగా కాక విలాసంగా చూస్తారు. "ఒక్క రాత్రికి నాలుగు వేలా" అనుకుని, దూరంగా చవక గది తీసుకుని, ఆటోలకూ బయటి తిండికీ ఆ తేడాకు మించి పెడతారు.

చెన్నై మనకు పరాయి ఊరు కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతానికి అదే రాజధాని. అమరజీవి పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న ప్రాణాలు వదిలిన ఇల్లు మైలాపూరులో, రాయపేట హైరోడ్డు 126వ నంబరులో ఉంది. ఆయన పూర్వీకులది కనిగిరి వైపు పల్లె, ఇప్పుడు నెల్లూరు జిల్లాకు ఉన్నది ఆయన పేరే. రాజధాని పోయినా రాకపోకలు ఆగలేదు. నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు, ఒంగోలు నుంచి మూడు వందలకు కాస్త తక్కువ. నెల్లూరు వాళ్లకు సొంత రాష్ట్రంలోని విజయవాడ కన్నా చెన్నైయే దగ్గర.

బంధువుల ఇంట్లో దిగే అలవాటు ఎందుకు తగ్గిందంటే ప్రేమలు తగ్గి కాదు. నగరంలో ఇళ్లు చిన్నవయ్యాయి. రెండు బెడ్‌రూముల ఫ్లాటులో పదో తరగతి పిల్లవాడు చదువుకుంటుంటే, ఆపరేషన్ అయిన మనిషిని తీసుకెళ్లి అక్కడ పడుకోబెట్టడానికి మనసొప్పదు. ఇంటావిడ కూడా ఉద్యోగానికి పోతుంది. పొద్దున ఆరింటికి బాత్రూము కోసం అడగాలంటే మొహమాటం, రాత్రి రోగికి రెండుసార్లు లైటు వేయాలంటే మొహమాటం. హోటల్ గదికి కట్టే డబ్బులో పెద్ద భాగం ఈ మొహమాటం లేకుండా ఉండడానికే పోతుంది. అది వృథా ఖర్చు కాదు. బంధువులు సాయంత్రం క్యారేజీతో వచ్చి కూర్చుని మాట్లాడి వెళ్తే, రెండు వైపులా మర్యాద నిలుస్తుంది.

గంటల లెక్క

అద్దె ఎంత అన్నదాని కన్నా ముందు అడగాల్సింది చెకిన్ ఎన్నింటికి అని. మధ్యరకం హోటళ్లలో ఎక్కువ చోట్ల మధ్యాహ్నం పన్నెండుకో రెండుకో గది ఇస్తారు, మర్నాడు పదకొండుకో పన్నెండుకో ఖాళీ చేయమంటారు. స్టేషన్ల చుట్టుపక్కల ఉన్న పాత లాడ్జీల్లో కొన్ని ఇప్పటికీ ఇరవైనాలుగు గంటల పద్ధతిలో నడుస్తాయి. దిగిన గంట నుంచి మర్నాడు అదే గంట దాకా ఒక రోజు.

ఒంగోలులో రాత్రి పదింటికి బస్సెక్కిన కుటుంబం తెల్లవారుజామున నాలుగైదు గంటలకు చెన్నైలో దిగుతుంది. ఆంధ్ర వైపు బస్సులకు 2018 నుంచి మాధవరం బస్టాండు ఉంది. అది నగరానికి ఉత్తరపు అంచు. అక్కడి నుంచి ఆటో పట్టుకుని హోటల్‌కు చేరేసరికి ఐదున్నర. పన్నెండింటికి గానీ గది ఇవ్వరు. ఆరున్నర గంటల పాటు ముసలి తల్లితో లాబీ సోఫాలో కూర్చోవాలి, లేదా ముందు రోజు అద్దె కూడా కట్టాలి. మూడున్నర వేల గది అప్పుడు ఏడు వేల గది అవుతుంది. పన్నుతో 7,350. ఫోన్‌లో చూసిన అంకె 3,500 మాత్రమే.

అలాగని ఇరవైనాలుగు గంటల పద్ధతి అన్నివేళలా మేలు కాదు. పొద్దున ఐదింటికి దిగినవాళ్లు మర్నాడు ఐదింటికే గది ఖాళీ చేయాలి. చీకట్లో రోగిని లేపి సామాన్లు సర్దాలి, లేకపోతే రెండో రోజు అద్దె కట్టాలి. రక్తపరీక్ష పొద్దున, డాక్టరు సాయంత్రం, ఆ రాత్రికే తిరుగు బస్సు అన్న ఒక్కరోజు పనికి ఆ పద్ధతి బాగుంటుంది. రిపోర్టులు మర్నాడు వస్తాయంటే ఉపయోగం లేదు.

రెండు రోజుల పనికి పగటి రైలు మంచిది. విజయవాడలో పొద్దున్నే బయల్దేరే పినాకిని ఎక్స్‌ప్రెస్ ఒంగోలు, నెల్లూరు మీదుగా మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో సెంట్రల్‌కు చేరుతుంది. భోంచేసి హోటల్‌కు పోయేసరికి గది సిద్ధంగా ఉంటుంది. సాయంత్రం ఆసుపత్రిలో ఫైలు తీయించుకోవచ్చు. రాత్రి నిద్రపోయి పొద్దున్నే పరగడుపున పరీక్షలకు పోవచ్చు. కట్టిన అద్దెకు పూర్తి రాత్రి దక్కుతుంది. అంటే రైలు టికెట్టు తీసేటప్పుడే గది ఖర్చు సగం తేలిపోతుంది. చాలామంది టికెట్టు ఒకరోజు తీసి, గది ఇంకోరోజు వెతుకుతారు. రెండూ ఒకేసారి పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

మధ్యాహ్నం పన్నెండింటికి గానీ గది ఇవ్వని ఈ నియమం హోటల్ వాళ్ల మొండితనం కాదు. పదకొండుకు ఖాళీ అయిన గదులన్నిటికీ దుప్పట్లు మార్చి, బాత్రూములు కడిగి, మళ్లీ ఇవ్వడానికి రెండు మూడు గంటలు పడుతుంది. శుభ్రం చేసే సిబ్బంది డ్యూటీలు దాన్నిబట్టే ఉంటాయి. పైగా ఆన్‌లైన్ బుకింగ్ తేదీల లెక్కన నడుస్తుంది, గంటల లెక్కన కాదు. ఫలానా తేదీ రాత్రికి గది ఉందా లేదా అన్నదే అక్కడ కనిపిస్తుంది. ఆ పద్ధతిలోకి వచ్చిన లాడ్జికి ఇరవైనాలుగు గంటల లెక్క నడపడం కష్టం.

అయినా పొద్దున్నే గది ఇప్పించుకునే దారి ఒకటుంది. బయల్దేరే రోజు రాత్రి ఎనిమిది తొమ్మిది గంటలకు హోటల్‌కు నేరుగా ఫోన్ చేసి, రిసెప్షన్‌లో ఎర్లీ చెకిన్ గురించి అడగాలి. వారం ముందు అడిగితే ఎవరూ మాటివ్వలేరు. ఆ రాత్రి ఎన్ని గదులు ఖాళీగా మిగులుతున్నాయో వాళ్లకు తెలిసేది అప్పుడే. ఖాళీ ఉంటే సగం అద్దెకో, ఇంకా తక్కువకో, ఒక్కోసారి ఊరికేనో ఇస్తారు. "పేషెంటు ఉన్నారు" అన్న మాట దాచుకోకుండా చెప్పాలి. చాలా చోట్ల ఆ మాటకు విలువ ఇస్తారు.

దూరం

చెన్నైలో మన వాళ్లు దిగే పేటలు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. సెంట్రల్ దగ్గర పెరియమేడు, ఎగ్మోరు స్టేషన్ ఎదురు సందులు, గ్రీమ్స్ రోడ్డు, నుంగంబాక్కం, టీనగర్, వడపళని. ఒక్కో పేటకు ఒక్కో పని.

గ్రీమ్స్ రోడ్డులో అపోలో ఆసుపత్రి 1983లో మొదలైంది. ఆ చుట్టుపక్కల సందుల్లో రోగుల కోసమే అన్నట్టు గదులు, వంటగది ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంట్లు పుట్టుకొచ్చాయి. కాలేజీ రోడ్డులో ఉన్న శంకర నేత్రాలయ 1978లో మొదలైంది. కంటి ఆపరేషన్ మామూలుగా పగటిపూటే అయిపోతుంది, మర్నాడు పొద్దున కట్టు విప్పి చూస్తారు. కాబట్టి ఆసుపత్రిలో మంచం అక్కర్లేదు గానీ దగ్గరలో గది తప్పదు. రెండు రాత్రులకు తీసుకోవాలి. ఒక్క రాత్రికి తీసుకుని, ఆపరేషన్ రోజు పదకొండింటికి గది ఖాళీ చేయమన్నప్పుడు కంగారుపడేవాళ్లు ప్రతిసారీ కనిపిస్తారు.

దూరం ఖర్చు ఎలా పెరుగుతుందో ఒక ఊహ లెక్కతో తేల్చుకోవచ్చు. రోగి ఆసుపత్రిలో ఉన్నప్పుడు తోడున్నవాళ్లు రోజుకు మూడుసార్లు గదికి వచ్చిపోతారు. స్నానానికి ఒకసారి, భోజనానికి ఒకసారి, బట్టలు మార్చుకోవడానికో కాసేపు నడుం వాల్చడానికో ఇంకోసారి. అంటే ఆరు ఆటోలు. ఒక్కోదానికి 150 అనుకున్నా 900 రూపాయలు. ఆసుపత్రికి నడిచిపోయేంత దగ్గర గది ఏడెనిమిది వందలు ఎక్కువైనా నిజానికి అదే చవక. ట్రాఫిక్‌లో పోయే గంటలు దానికి అదనం. దూరపు గది ఖర్చు ఇలా తడిసి మోపెడయ్యాక గానీ లెక్క గుర్తుకురాదు.

నడిచే దూరంలో దొరక్కపోతే మెట్రో లైను మీద ఉన్న చోటు చూసుకోవాలి. సెంట్రల్ నుంచి విమానాశ్రయం వైపు పోయే లైనులో మూడో స్టేషన్ థౌజండ్ లైట్స్. గ్రీమ్స్ రోడ్డు అక్కడికి దగ్గర. ఇంకో లైను ఎగ్మోరు, కోయంబేడు, వడపళని మీదుగా పోతుంది. స్టేషన్లలో లిఫ్టులున్నాయి, మోకాళ్ల నొప్పులవాళ్లకు ఆటో కుదుపుల కన్నా నయం.

టీనగర్ సంగతి వేరు. పెళ్లి బట్టలకు పోయిన పదిమంది జట్టుకు అక్కడ గది పడుకోవడానికి కాదు, సంచులు పెట్టుకోవడానికి, పిల్లలకు అన్నం పెట్టడానికి, కాళ్లు చాపుకోవడానికి. వెంకటగిరి చీరలు పక్కనే నేస్తున్నా కంచి పట్టు కోసం టీనగర్ పోవడం మన వైపు పెళ్లిళ్లలో ఆనవాయితీ అయిపోయింది. మాంబళం స్టేషన్ మెట్లు దిగితే రంగనాథన్ వీధి. సెంట్రల్ ఎదురుగా ఉన్న పార్క్ స్టేషన్‌లో లోకల్ రైలెక్కితే నేరుగా అక్కడికే. కాబట్టి సామాన్లు తక్కువగా ఉన్నవాళ్లు ఎగ్మోరులో దిగినా ఇబ్బంది లేదు. సంచులు ఎక్కువైతే టీనగర్‌లోనే దిగడం మేలు.

పేటనుబట్టి ధరలు ఎక్కేదీ దిగేదీ కూడా మారుతుంది. ఖాళీగా ఉండిపోయిన గది ఆ రాత్రి అద్దెను మళ్లీ ఎప్పటికీ సంపాదించలేదు. అందుకే గిరాకీ తగ్గితే హోటల్ వాళ్లు ధర దింపుతారు, పెరిగితే ఎక్కిస్తారు. కంపెనీల పని మీద వచ్చేవాళ్లు దిగే గిండీ, ఓల్డ్ మహాబలిపురం రోడ్డు (ఓఎంఆర్) వైపు శని, ఆదివారాలు గదులు చవక. టీనగర్‌లో ఆ రెండు రోజులే ప్రియం. తమిళుల ఆడి మాసం తగ్గింపు అమ్మకాలప్పుడు, దీపావళి ముందు, డిసెంబరులో సంగీత సభలప్పుడు గదులు దొరకడమే కష్టం. పట్టు కొనేవాళ్లు మంగళ, బుధవారాల్లో పోతే గదీ కలిసొస్తుంది, కొట్లో చీర చూపించేవాళ్లకు ఓపికా ఉంటుంది.

బిల్లులో ఏముంది

పన్ను లెక్కలో మధ్యరకం హోటల్‌కు ఒక స్పష్టమైన గీత ఉంది: రోజుకు 7,500 రూపాయలు. 2025 సెప్టెంబరు 22 నుంచి అంతవరకూ ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. అంతకుముందు కింది గదులకు 12 శాతం ఉండేది. నాలుగు వేల గదికి పన్ను 480 నుంచి 200కు తగ్గింది. గీత దగ్గర తేడా పెద్దది. 7,000 గది పన్నుతో 7,350 అవుతుంది. 8,000 గది 9,440 అవుతుంది. అద్దెలో వెయ్యి తేడా, బిల్లులో రెండు వేలు దాటిపోతుంది. ఇక్కడ పన్ను వేసేది గోడ మీద రాసిన రేటు మీద కాదు, నిజంగా వసూలు చేసిన అద్దె మీద. కాబట్టి పండగ రోజుల్లో అదే గది గీత దాటిపోవచ్చు.

తిండి మీద పన్నులో ఇంకో మెలిక ఉంది. మామూలు రెస్టారెంటులో 5 శాతం. ఒక హోటల్ అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో ఏ ఒక్క గదినైనా రోజుకు 7,500 దాటిన ధరకు ఇచ్చి ఉంటే, దాని లోపలి రెస్టారెంటులో పన్ను 18 శాతం. దిగినవాళ్ల గది నాలుగున్నర వేలదే అయినా దోసె మీద 18 శాతం పడుతుంది. రోడ్డు దాటితే అదే దోసె, తక్కువ ధర, 5 శాతం పన్ను. చెన్నైలో పొద్దున ఇడ్లీ, పొంగలి, కాఫీ బాగా దొరకని వీధి లేదు. గదిలోకి తెప్పించుకోవడం నడవలేనివాళ్ల కోసం అట్టేపెట్టుకుంటే సరిపోతుంది.

సర్వీస్ చార్జీ పేరుతో ఐదో పదో శాతం దానంతట అదే బిల్లులో చేరితే కట్టక్కర్లేదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే ఆ మాట చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది. తీసేయమని నెమ్మదిగా అడిగితే చాలు. గదులు సర్దే అమ్మాయికో, రోగి చక్రాల కుర్చీ తోసిన కుర్రాడికో చేతిలో వంద పెట్టడం అంతకన్నా మంచి పని. అది వాళ్లకే చేరుతుంది.

వ్యాపారం మీద పోయేవాళ్లు, అంటే చీమకుర్తి గ్రానైట్ వాళ్లు, నెల్లూరు రొయ్యల వ్యాపారులు, ఒక సంగతి తెలుసుకోవాలి. హోటల్ ఏ రాష్ట్రంలో ఉంటే పన్ను ఆ రాష్ట్రానిదే. చెన్నై హోటల్ బిల్లులో వేసేది తమిళనాడు ఎస్‌జీఎస్టీ, దానితోపాటు సీజీఎస్టీ. ఆంధ్రలో రిజిస్టరైన వ్యాపారానికి దాని మీద ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కట్టిన పన్నును తమ పన్నులో తగ్గించుకునే వీలు, రాదు. బిల్లు మీద కంపెనీ పేరు, జీఎస్టీ నంబరు వేయించుకోవడం ఖాతాల కోసం అవసరమే గానీ, పన్ను వెనక్కి వస్తుందని దానికోసం ఖరీదైన గది తీసుకోవడం పొరపాటు. (ఆ రిసెప్షన్ బల్ల మీద బంగారు చుక్కలు మెరిసే నల్లరాయి కనిపిస్తే, అది చీమకుర్తి నుంచి వచ్చిన బ్లాక్ గెలాక్సీ గ్రానైటే.)

పొద్దున టిఫిన్ కలిపిన అద్దె, కలపని అద్దె అని రెండు రేట్లు ఉంటాయి. హోటల్ భాషలో మొదటిది సీపీ, రెండోది ఈపీ. చాలామంది మారుమాట లేకుండా మొదటిది తీసుకుంటారు. ఆసుపత్రి పని మీద పోయినవాళ్లు ఇక్కడ ఆలోచించాలి. బఫే మొదలయ్యేది ఏడున్నరకు. పరగడుపు రక్తపరీక్షకు ఏడింటికల్లా ఆసుపత్రిలో ఉండాలి. పరీక్ష అయ్యాక ఎదురుగా ఉన్న హోటల్లో నాలుగు ఇడ్లీలు తినేసి కూర్చుంటారు గానీ, మళ్లీ గదికి పోయి బఫే తిని రారు. ఇద్దరికి మూడు రోజుల టిఫిన్ అలా తినకుండానే కట్టేస్తారు. పెళ్లి జట్టుకు మాత్రం టిఫిన్ కలిపిన గదే లాభం. పదిమంది ఒకేచోట తిని ఒకేసారి బయల్దేరవచ్చు.

ఇక బుకింగ్. యాప్‌లో బుక్ చేస్తే హోటల్ ఆ సంస్థకు కమిషన్ కట్టాలి. మరి నేరుగా ఫోన్ చేసినవాళ్లకు తక్కువకు ఎందుకు ఇవ్వరు అని అడగవచ్చు. యాప్‌లో ఉన్న ధర కన్నా తక్కువకు ఇంకెక్కడా ఇవ్వకూడదని కొన్ని ఒప్పందాల్లో షరతు ఉండేది. 2022 అక్టోబరులో, వ్యాపారాల్లో పోటీని కాపాడే కేంద్ర సంస్థ కాంపిటీషన్ కమిషన్ ఈ రకం షరతులను తప్పుబట్టి, మేక్‌మైట్రిప్, గోఐబిబో సంస్థకు 223.48 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కాబట్టి యాప్‌లో ధర చూసుకుని, హోటల్‌కే ఫోన్ చేసి "ఇంతే కదా, నేరుగా వస్తే ఎంతకిస్తారు" అని అడగడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. డబ్బు తగ్గించకపోయినా కింది అంతస్తు గదో, పొద్దున్నే చెకినో ఇస్తారు. రోగితో పోయేవాళ్లకు అవి డబ్బు కన్నా ఎక్కువ. రద్దు చేస్తే డబ్బు తిరిగిరాని చవక రేటు మాత్రం ఆసుపత్రి పనికి పనికిరాదు. డాక్టరు అపాయింట్‌మెంటు ఒక్కరోజు వెనక్కి జరిగితే మొత్తం పోతుంది.

యాప్‌లో కనిపించే చుక్కల గురించి కూడా స్పష్టత ఉండాలి. కేంద్ర పర్యాటక శాఖ ఇచ్చే స్టార్ వర్గీకరణ వేరు. అది హోటల్ కోరుకుంటేనే, తనిఖీ చేసి, ఐదేళ్లకు ఇస్తారు. యాప్‌లో నాలుగున్నర అని ఉండేది దిగినవాళ్లు వేసిన మార్కులు. ఆ మార్కుల కన్నా వాళ్లు రాసిన మాటలు చదవడం మేలు. "లిఫ్టు", "నీళ్లు", "శబ్దం" అన్న మూడు మాటల కోసం వెతికితే కావలసింది దొరుకుతుంది.

గదిలో మనిషి

మధ్యరకం హోటల్ ఫొటోల్లో పరుపులు, దిండ్లు, కర్టెన్లు కనిపిస్తాయి. బాత్రూము గడప కనిపించదు. మోకాలి ఆపరేషన్ మనిషికి నాలుగు అంగుళాల గడప, నున్నటి టైల్స్ ప్రమాదం. బుక్ చేసే ముందు అడగాల్సినవి ఇవే: బాత్రూములోకి మెట్టు ఉందా, కమోడ్ పక్కన పట్టుకోవడానికి కడ్డీ ఉందా, లిఫ్టు గది అంతస్తు దాకా వస్తుందా, రోడ్డు నుంచి లాబీలోకి ర్యాంపు ఉందా. కొన్ని హోటళ్లలో రోడ్డు నుంచి ఎనిమిది మెట్లెక్కితే గానీ లిఫ్టు రాదు. ఫోన్‌లో అడిగినప్పుడు "లిఫ్టు ఉంది సార్" అనే అంటారు. అది నిజమే, మెట్లూ నిజమే.

ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు, కొన్ని రకాల కంటి చుక్కల మందులకు చిన్న ఫ్రిజ్ కావాలి. కొన్ని హోటళ్లలో గది తాళం కార్డు గోడ మీద పెడితేనే కరెంటు. కార్డు తీసుకుని బయటికి పోతే ఏసీతోపాటు ఫ్రిజ్ కూడా ఆగిపోవచ్చు. దిగగానే ఈ సంగతి అడిగి, ఆగిపోతుందంటే మందును రిసెప్షన్ ఫ్రిజ్‌లో పెట్టమనాలి. కెటిల్ ఉంటే పాలు, వేడినీళ్లు, పొట్లాల్లో తెచ్చుకున్న జావపిండి, ఇవన్నీ అర్ధరాత్రి కూడా కుదురుతాయి. రోగి తోడుగా వచ్చిన మూడో మనిషికి ఎక్స్‌ట్రా బెడ్ అంటే చాలాచోట్ల నేలమీద పరుపే. దానికీ విడిగా డబ్బు తీసుకుంటారు. ముగ్గురి గది ముందే అడిగితే చవక.

నీళ్ల గురించి ఒక మాట. చెన్నైలో చాలా హోటళ్లు బోరు నీళ్ల మీద, ట్యాంకర్ల మీద నడుస్తాయి. 2019 వేసవిలో నగరానికి నీళ్లిచ్చే చెరువులు ఎండిపోయినప్పుడు హోటళ్లు కూడా నీళ్లు పొదుపుగా వదిలాయి. ఆ నగరానికి నీళ్లు పంపే దారుల్లో ఒకటి నెల్లూరు వైపే మొదలవుతుంది. 1983 ఒప్పందం ప్రకారం కృష్ణా నీళ్లు సోమశిల, కండలేరు జలాశయాల మీదుగా 152 కిలోమీటర్ల కాలువలో తమిళనాడు సరిహద్దుకు, అక్కడి నుంచి పూండి చెరువుకు పోతాయి. తొలిసారి 1996లో చేరాయి. కండలేరు చుట్టుపక్కల ఊళ్లలో దాని కోసం భూములు, ఇళ్లు వదులుకున్నవాళ్లున్నారు. చెన్నైలో బకెట్టు నింపుకునేటప్పుడు నెల్లూరు వాళ్లకు ఇది గుర్తుకు రావడం సహజం. కుళాయి నీళ్లు ఉప్పగా తగిలితే బోరువని అర్థం. తాగడానికీ మందులు వేసుకోవడానికీ సీసా నీళ్లే వాడాలి.

గుర్తింపు కార్డు అడగడం హోటల్ వాళ్ల బాధ్యత. ఇవ్వకపోతే గది ఇవ్వరు. అయితే ఆధార్ మొత్తం నంబరుతో జిరాక్స్ ఇవ్వాల్సిన పని లేదు. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను ప్రభుత్వ వెబ్‌సైటు నుంచే దించుకోవచ్చు. డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు కార్డు కూడా సరిపోతాయి. పాన్ కార్డు మీద చిరునామా ఉండదు కాబట్టి చాలాచోట్ల ఒప్పుకోరు. అమెరికా పాస్‌పోర్టు ఉన్న కొడుకో కూతురో వెంట ఉంటే వాళ్ల వివరాలను హోటల్ వాళ్లు 24 గంటల్లో ఇమిగ్రేషన్ అధికారులకు ఆన్‌లైన్‌లో పంపాలి. అలాంటివాళ్లు దిగడం అలవాటు లేని చిన్న లాడ్జీలు ఈ పని తెలియక వెనక్కి పంపేస్తాయి, అర్ధరాత్రి వీధిలో నిలబడాల్సి వస్తుంది.

సొంత కారులో పోయేవాళ్లు పార్కింగ్ హోటల్ లోపలా, వీధిలోనా అని అడగాలి. తాళం చెవి హోటల్ మనిషికి ఇచ్చి పార్కింగ్ చేయించినప్పుడు కారు పోతే, టోకెన్ వెనక "కారు యజమానిదే బాధ్యత" అని అచ్చు వేసినంత మాత్రాన హోటల్ తప్పించుకోలేదని 2019 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఢిల్లీలో ఒక పెద్ద హోటల్‌లో 1998లో పోయిన మారుతి జెన్ కేసు అది. కాబట్టి టోకెన్ జాగ్రత్తగా పెట్టుకోవాలి.

మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి వైపు వాళ్లకు చెన్నై కన్నా హైదరాబాదు అలవాటు. అక్కడా గంటల లెక్క ఇదే, దూరం మాత్రం ఇంకా కఠినం. రాత్రి బస్సు తెల్లవారుజామున ఎల్బీ నగర్‌లో దింపుతుంది, పని గచ్చిబౌలిలో ఉంటుంది. నగరం ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి. మెట్రో ఆరింటికి గానీ కదలదు. నిమ్స్ ఆసుపత్రికి పోయేవాళ్లు పంజాగుట్ట, లక్డీకాపూల్ మధ్య దిగితే ఎల్బీ నగర్ నుంచి ఒకే మెట్రోలో చేరవచ్చు. గచ్చిబౌలి ఆసుపత్రులకైతే ఆ పక్కనే గది చూసుకోవడం తప్ప వేరే దారి లేదు.

చివరి రోజు గురించి మొదటి రోజే మాట్లాడుకోవాలి. పదకొండింటికి గది ఖాళీ చేస్తే, తిరుగు పినాకిని సెంట్రల్‌లో మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో బయల్దేరుతుంది. మధ్యలో ఉన్న మూడు గంటలు భోజనానికీ, స్టేషన్ చేరడానికీ సరిపోతాయి. సామాన్లు రిసెప్షన్ దగ్గర ఊరికే పెట్టుకోనిస్తారు. రాత్రి పదింటి బస్సుకు టికెట్టు తీసుకున్నవాళ్లకు మాత్రం పదకొండు గంటల పాటు నీడ ఉండదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు మెరీనాకో టీనగర్‌కో పోయి గడిపేయవచ్చు. కంటికి కట్టుతో ఉన్న నాన్నను పడుకోబెట్టాలంటే సాయంత్రం ఆరు దాకా సగం అద్దెకు గది ఉంచమని ముందు రోజు రాత్రే అడగాలి. ఆ మర్నాడు పదిన్నరకు అడిగితే, ఆ గది అప్పటికే కావలి నుంచో కందుకూరు నుంచో బయల్దేరిన ఇంకో కుటుంబానిది అయిపోయి ఉంటుంది.